కొలత, తూకము, బడిపిల్లల భాగము
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



మన పెద్దలు ధాన్యమును కొలతతో లెక్కించెడివారు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. ఈ లెక్క అందరును ఎరిగినదే. కాని ఒక తావున వాడు కుంచము మరియొక తావు కుంచమునకు సరిపోయెడిది కాదు. ఇట్టి చిక్కులను తొలగించుటకు 1956లో తూనికలు, కొలతల ప్రమాణముల చట్టము చేయబడినది. 1958 అక్టోబరు 1 నుండి కిలోగ్రాముల తూకము క్రమముగ అమలులోనికి వచ్చినది. అంగడిలో తూకము స్థిరపడినను, వంటశాలలలో నేటికిని గ్లాసులు, డబ్బాలు, గిన్నెలే కొలతలుగ నున్నవి. ఇంటివంటకు అది చాలును. ప్రజల సొమ్ముతో నూరుమందికి వండునపుడు చాలదు.

కారణము సులభముగ గ్రహింపవచ్చును. పాత్ర తెలుపునది వస్తువు ఆక్రమించిన చోటును మాత్రమే. గింజల నడుమ గాలి యుండును. లీటరు పాత్ర నిండ నీరు పోసిన కిలోగ్రాము తూగును. అదే పాత్రలో నూనె సుమారు 920 గ్రాములు, బియ్యము సుమారు 800 గ్రాములు మాత్రమే తూగును.

ఇప్పుడు పాఠశాలకు పోదము. మధ్యాహ్న భోజన నిబంధనల ప్రకారము 1 నుండి 5వ తరగతి వరకు చదువు బిడ్డకు దినమునకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె చేరవలెను. 6 నుండి 8వ తరగతి వరకు ఇవి 150, 30, 75, ఏడున్నర గ్రాములు. చిన్న తరగతుల పిల్లలు నూరుగురున్నచో 10 కిలోల బియ్యము వండవలెను. వంటమనిషి లీటరు డబ్బాను కిలోయని యెంచి పది డబ్బాలు పోసిన, ఎసటిలో పడునది సుమారు 8 కిలోలే. ఇరువదిమంది బిడ్డల భాగము తగ్గినట్లే! పుస్తకములో 10 కిలోలు ఖర్చు వ్రాయబడును. సంచిలో 2 కిలోలు మిగిలియుండును. ఎవరును దొంగిలింపకయే అందరిమీదను అనుమానము కలుగును.

పిండి విషయములో చిక్కు మరింత ఎక్కువ. మన మహిళా సంఘములు కొన్ని బిస్కత్తులు, కేకులు చేసి అమ్ముచున్నవి. 240 మిల్లీలీటర్ల కప్పులో మైదాను చెంచాతో తేలికగ పోసిన సుమారు 120 గ్రాములు పట్టును. కప్పునే పిండిలో ముంచి అదిమినచో 150 గ్రాముల వరకు పట్టును. అదే కప్పునకు పంచదార సుమారు 200 గ్రాములు. నాలుగు కప్పుల మైదా ఒకరి చేతిలో 480 గ్రాములు, మరియొకరి చేతిలో 600 గ్రాములు కావచ్చును. నేటి బిస్కత్తు గుల్లగ నుండి, రేపటిది గట్టిపడిన, కొనువారు మరల రారు.

దీనికి ఉపాయము కష్టమైనది కాదు. ముందు ఖాళీ పాత్రను తూచవలెను. పిమ్మట బియ్యమును అంచునకు సమముగ నింపి తూచి, పాత్ర బరువును తీసివేయవలెను. ఇట్లు మూడుసార్లు చేసి సగటు కట్టవలెను. ఉదాహరణకు ఖాళీ పాత్ర 400 గ్రాములు, నిండినది 2 కిలోలు అయినచో, అందు పట్టు బియ్యము 1,600 గ్రాములు. 10 కిలోలకు ఆరుంబావు పాత్రలు కావలెను. ఈ లెక్కను వంటశాల గోడపై వ్రాయింపుడు. పప్పునకు వేరుగ, నూనెకు వేరుగ లెక్క కట్టవలెను. బియ్యపు రకము మారినపుడెల్ల మరల తూచవలెను. పిండిని మాత్రము ప్రతిసారి తూచుటయే క్షేమము.

తూకపు యంత్రము కూడ నమ్మదగినదై యుండవలెను. అది సమతలముపై నుండి, ఖాళీగ నున్నపుడు సున్న చూపవలెను. 2011 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్న 2009 నాటి చట్టము ప్రకారము, క్రయవిక్రయములలో వాడు తూకములను, కొలతలను తూనికలు, కొలతల శాఖ తనిఖీచేసి ముద్ర వేయవలెను. మీ గ్రామమున సరుకు అమ్మువారి తూకమునకు ఆ ముద్ర యున్నదో లేదో చూడుడు.

సభ్యులారా! ఊరు చేరినవెంటనే ఒకనాటి ఉదయము పాఠశాల వంటశాలకు పొండు. వంటమనిషిని తప్పుపట్టుటకు గాక, ఆమెకు తోడుగ నిలిచి పాత్రను తూపించుడు. అరగంట పనితో బిడ్డల భాగము బిడ్డలకు దక్కును. ఆమెపై నింద రాకుండును.