పాస్‌బుక్ ఎవరి జేబులో ఉంది?

(మహిళా దినోత్సవం సందర్భంగా సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మూడేళ్ళు గీదం శాఖలో పనిచేసి వచ్చాను కదా, అక్కడి సంగతులు చెప్పమన్నారు. అడవులు, జలపాతాల గురించి చెబుతానని ఎదురుచూస్తున్నారేమో. ఇళ్ళలో పడే దెబ్బల గురించి చెబుతాను.

గీదం బస్తర్‌లో, దంతేవాడ జిల్లాలో ఉంది. జగదల్‌పూర్ నుంచి వచ్చే రోడ్డు అక్కడ చీలి ఒకటి దంతేవాడకు, ఇంకొకటి బీజాపూర్, భోపాలపట్నం మీదుగా మన తెలంగాణ వైపు వెళుతుంది. శాఖకు వచ్చేవాళ్ళలో గోండి, హల్బీ మాట్లాడేవాళ్ళు చాలామంది. సంత రోజున కౌంటరు దగ్గర ఊపిరాడదు.

అలాంటి రోజున ఒకామె వేలిముద్ర వేసి డబ్బు తీసుకుంది. పక్కనున్న భర్త లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. పాస్‌బుక్కూ ఆ జేబులోనే. ఆమె మోచేయి వాచి ఉంది. ఇలాంటిది ఒకసారి గమనిస్తే ఇక ప్రతి వారమూ కనబడుతుంది.

ఠాణాకు వెళ్ళొచ్చు కదా అంటారు. 2003లో ఆ ఊరి ఠాణా మీదే మావోయిస్టులు దాడి చేశారు. పోలీసు గడప తొక్కినవాళ్ళని ఇన్‌ఫార్మర్లని అనుమానించే రోజులు చాలాకాలం నడిచాయి. దానికంటే ఇంట్లో దెబ్బలే నయం అనుకుంటారు. పైగా ఠాణాలో హిందీ, ఆమెది గోండి. పోలీసులూ ఊరివాళ్ళూ కలిసి కాపలా కాయడమే కమ్యూనిటీ పోలీసింగ్ అని మనం సులువుగా అనేస్తాం గానీ, అక్కడ అది అంత తేలిక కాదు.

అదే రాష్ట్రంలో బాలోద్ జిల్లాలో ఒక దారి దొరికింది. 2012లో పద్మశ్రీ అందుకున్న శంషాద్ బేగం గారు అక్కడి ఆడవాళ్ళతో ‘మహిళా కమాండో’ దళాలు కట్టారు. చేతిలో కర్ర, నోట్లో ఈల, పొద్దుగూకాక వీధుల్లో తిరుగుతారు. తాగి భార్య మీద చెయ్యెత్తేవాడి గుమ్మం ముందుకు పోలీసుల కంటే ముందు పొరుగింటి వదినే వస్తుంది. సారా మీద లేచిన మన దూబగుంట ఆడవాళ్ళే గుర్తొచ్చారు నాకు. అయితే పెద్దమనుషులు కూర్చుని “సర్దుకుపోమ్మా” అని పంపేయడాన్ని కూడా కొన్నిచోట్ల ఈ లెక్కలోనే వేస్తున్నారు. దాన్ని నేను కాపలా అనను.

ఇక మన పని. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతోంది. ఆమె సొమ్ము, స్త్రీధనం లాక్కోవడాన్ని కూడా ఆ చట్టం ఆర్థిక హింస అంటుంది. తన అనుమతి లేకుండా భర్త ఉమ్మడి ఖాతానూ, లాకరునూ నడపకూడదని మేజిస్ట్రేటు 18వ సెక్షన్ కింద ఆదేశించవచ్చు. ఇది బ్యాంకువాళ్ళమైన మనలోనే చాలామందికి తెలియదు. 4వ సెక్షన్ ప్రకారం హింస గురించి రక్షణ అధికారికి ఎవరైనా చెప్పవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ ఉండదు. ఖాతాదారు వివరాల గోప్యత వేరు, కళ్ళెదుట కనబడిన దెబ్బ వేరు.

మేం గీదంలో చేసింది చిన్న పనే. సంత రోజున ఆడవాళ్ళకు వేరే వరుస పెట్టాం. తోడొచ్చినవాళ్ళు గీత వెనకే నిలబడాలి. గోండి వచ్చిన బ్యాంకు సఖి పక్కన కూర్చుని, “మెసేజ్ ఎవరి ఫోనుకు వెళ్ళాలి దీదీ?” అని అడిగేది. చాలా ఖాతాల్లో ఉన్నది భర్త నంబరే. మార్చమన్నవాళ్ళకు మార్చాం. 181 నంబరు, సఖి కేంద్రం చిరునామా నోటితో చెప్పేవాళ్ళం, కాగితం మీద రాసి ఇచ్చేవాళ్ళం కాదు. కాగితం ఇంట్లో దొరికితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ప్రాణం మీదికి వస్తే తప్ప ఆమెను అడగకుండా ఎక్కడికీ ఫోను చేయలేదు. సాయంత్రం ఆమె వెళ్ళేది ఆ ఇంటికే కదా.

ఇదంతా అడవి ఊళ్ళ సంగతి అనుకోకండి. మన క్వార్టర్లలో ఎంతమంది ఏటీఎం కార్డులు ఇంకొకరి పర్సులో ఉన్నాయో! చేతులెత్తమని అడగనులెండి. రక్షణ అధికారుల ఫోను నంబర్లు జిల్లాల వారీగా రాసి తెచ్చాను, బయట బల్ల మీద ఉన్నాయి. వాటిని ఫోనులో ఏ పేరుతో దాచుకోవాలో మీ ఇష్టం.