ఎన్ని కోర్లు అడగాలి?

అనేక కంప్యూటర్లను వేగవంతమైన నెట్‌వర్క్‌తో కలిపి ఒకే పనికి పురమాయిస్తే అది క్లస్టర్. 1994లో నాసా గొడ్డార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు ప్రాసెసర్లను జోడించి, లినక్స్‌పై ‘బేయోవుల్ఫ్’ను నిర్మించారు. 2017 నవంబరు నుంచి టాప్‌500 జాబితాలోని సూపర్‌కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద హైదరాబాద్ ఐఐటీలో నెలకొల్పిన ‘పరమ్ సేవ’ కూడా ఇలాంటి క్లస్టరే.

క్లస్టర్ ఉమ్మడి సొత్తు. అందులోని ఒక్కో కంప్యూటర్‌ను నోడ్ అంటారు. లాగిన్ నోడ్ ఉన్నది ఫైళ్లు దిద్దుకోవడానికి, ప్రోగ్రాములు కంపైల్ చేసుకోవడానికి. అసలు లెక్క జరిగేది కంప్యూట్ నోడ్లలో. ఎవరి జాబ్ (నడపాల్సిన పని) ఎప్పుడు, ఎక్కడ నడవాలో స్లర్మ్ వంటి షెడ్యూలర్ తేలుస్తుంది. అందుకోసం కోర్లు (ప్రాసెసర్‌లో లెక్క చేసే భాగాలు), మెమరీ, గడువు ఎంత కావాలో జాబ్ స్క్రిప్టులో ముందే రాయాలి. పెద్ద జాబ్‌కు సరిపడా నోడ్లు ఖాళీ అయ్యేలోగా మిగిలే వ్యవధిలో షెడ్యూలర్ చిన్న జాబులను ఇరికిస్తుంది. దీన్నే బ్యాక్‌ఫిల్ అంటారు. రెండు గంటల పనికి రెండు రోజుల గడువు రాస్తే ఈ అవకాశం చేజారుతుంది. మరీ తక్కువ రాస్తే గడువు తీరగానే జాబ్ ఆగిపోతుంది.

కోర్లు పెంచినంతగా వేగం పెరగదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చేసిన వాదన నుంచి వచ్చిన సూత్రం ఇందుకు హద్దు చూపుతుంది. ప్రోగ్రాములో 5 శాతం పని వరుసగానే జరగాల్సి ఉంటే 16 కోర్లపై వేగం సుమారు 9 రెట్లు, 64 కోర్లపై 15 రెట్లు, 256 కోర్లపై 18.6 రెట్లు అవుతుంది. ఎన్ని కోర్లు చేర్చినా 20 రెట్లు దాటదు. అందుకే పెద్ద జాబ్‌కు ముందు అదే ప్రోగ్రామును 4, 8, 16 కోర్లపై కొద్దిసేపు నడిపి కాలం కొలవాలి.

ఫైళ్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. లస్టర్ వంటి ఉమ్మడి ఫైల్ సిస్టంలో ప్రతి ఫైలు తెరిచినప్పుడూ మెటాడేటా సర్వర్‌ను అడగాలి. ఒక్కరు లక్షల చిన్న ఫైళ్లు సృష్టిస్తే అందరి పనీ నెమ్మదిస్తుంది. వాటిని కొన్ని పెద్ద ఫైళ్లుగా కట్టడం, తాత్కాలిక ఫైళ్లను నోడ్ సొంత డిస్కులో ఉంచడం మేలు. రోజుల తరబడి సాగే జాబ్ అప్పటిదాకా జరిగిన పని స్థితిని మధ్యమధ్య చెక్‌పాయింట్‌గా రాసుకుంటే, నోడ్ చెడిపోయినా చివరి చెక్‌పాయింట్ నుంచి కొనసాగించవచ్చు.

వాతావరణ అంచనా కానీ, ఔషధ పరిశోధన కానీ, నేటి పట్టభద్రులలో చాలామంది పని ఇలాంటి క్లస్టర్లపైనే సాగవచ్చు. వాటిలో చాలావి ప్రజాధనంతో నడిచే యంత్రాలు. అడిగే ముందు కొలుచుకోవడం, వాడాక లెక్క చూసుకోవడం పట్టాతో పాటు వచ్చే బాధ్యత.