పిక్కల పట్టు, పాదముల తిమ్మిరి



నడివయస్సు దాటినవారిని రాత్రివేళ బాధించు రుగ్మతలలో రెండు మిక్కిలి సామాన్యములు. మొదటిది పిక్కల పట్టు. రెండవది పాదములలో తిమ్మిరి, మంట, మొద్దుబారుట. ఈ రెంటిని జనులు 'నరముల బలహీనత' అను ఒక్క పేరుతోనే పిలుతురు. పేరు ఒక్కటి యగుటచే మందును ఒక్కటియే చాలునని తలచి, బలమునకు సూదిమందో, టానిక్కు సీసాయో కొని తృప్తిపడుదురు. వాస్తవమునకు ఇవి రెండును వేరు. మొదటిది కేకలు పెట్టించును గాని సామాన్యముగా కాలికి హాని చేయదు. రెండవది కొంతకాలము మంటపెట్టి, పిమ్మట నిశ్శబ్దమై, ఒక్కొక్కప్పుడు కాలినే హరించును. ఈ భేదమును తెలిసికొనుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

పిక్కల పట్టు ఎట్లుండునో అనుభవించినవారికి వర్ణించి చెప్పనక్కరలేదు. గాఢనిద్రలో నుండగా పిక్క కండరము రాయివలె గట్టిపడును. వ్రేళ్లు క్రిందికి వంగిపోవును. కొన్ని క్షణములు మొదలుకొని కొన్ని నిమిషముల వరకు ఆ బాధ యుండి సడలిపోవును. మరునాడు పిక్క సలుపుచుండును. ఏబది ఏండ్లు దాటినవారికిని, గర్భిణీ స్త్రీలకును ఇది తరచుగా వచ్చును. పగలంతయు నాట్లలోనో, కోతలలోనో వంగి పనిచేసి, చెమటతో ఒంటిలోని నీటిని, ఉప్పును పోగొట్టుకొన్నవారికిని వచ్చును. మూత్రము ఎక్కువగా పోవుటకు వాడు మాత్రల వలనను, మూత్రపిండముల జబ్బు వలనను, కాలేయపు జబ్బు వలనను రావచ్చును. పెక్కుమందిలో మాత్రము ప్రత్యేక కారణమేదియు కనబడదు. పండుకొన్నప్పుడు పాదము సహజముగా క్రిందికి వాలియుండును గనుక పిక్క కండరము ముందే కురచయై యుండుననియు, అట్టి స్థితిలో నరము కొంచెము ప్రేరేపించినను అది ముడుచుకొని విడువదనియు వైద్యుల అభిప్రాయము.

పట్టు వచ్చినప్పుడు చేయవలసిన పని సులభము. మోకాలిని చాచి, పాదపు వ్రేళ్లను మోకాలివైపు మెల్లగా లాగుకొనవలెను. లేవగలిగినవారు లేచి, మడమను నేలకు ఆనించి ఆ కాలిపై బరువు మోపవలెను. కండరమును సాగదీయుటయే దానికి విరుగుడు. సడలిన పిమ్మట పిక్కను చేతితో మర్దించవచ్చును.

పట్టు రాకుండ చూచుకొనుటకును ఇదే మార్గము. గోడకు రెండడుగుల దూరమున నిలిచి, అరచేతులను గోడకు ఆనించి, మడమలు నేలనుండి లేవకుండ ముందునకు వాలవలెను. పిక్కలు సాగుచున్నట్లు తెలియును. పది లెక్కించువరకు ఉండి, మరల నిటారుగా నిలువవలెను. నిద్రించుటకు ముందు ఇట్లు మూడుసార్లు చేయవలెను. నెదర్లాండ్సు దేశమున ఏబదియైదేండ్లు దాటిన 80 మందిపై జరిపి 2012లో ప్రకటించిన పరీక్షలో, ఆరు వారములపాటు నిద్రకు ముందు కాళ్లను సాగదీసినవారికి పట్టులు తగ్గినట్లును, వచ్చినవి తీవ్రత తగ్గినట్లును తేలినది. అన్ని పరీక్షలును ఇంత స్పష్టముగా తేలలేదు. అయినను దీనికి ఖర్చు లేదు, హాని లేదు. గోడ ప్రతి ఇంటను గలదు.

మందుల విషయమున మాత్రము జాగ్రత్త వలయును. మలేరియాకు వాడిన క్వినైనును 1940 ప్రాంతమునుండి పిక్కల పట్టునకును వాడిరి. అది కొంత గుణమిచ్చును. కాని కొందరిలో రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు కణములను నశింపజేసి ప్రాణాపాయము తెచ్చెను. గుండె లయను కూడ చెరచెను. అందుచే అమెరికా ప్రభుత్వపు ఔషధ శాఖ 1994లో పిక్కల పట్టునకై చీటీ లేకుండ దానిని అమ్ముటను నిషేధించినది. 2006లో ఈ ప్రయోజనమునకు అసలే వాడవద్దని హెచ్చరించినది. మెగ్నీషియము మాత్రలను గూర్చిన పరీక్షలన్నింటిని 2020లో కలిపి పరిశీలించినప్పుడు, పెద్దవయస్సువారికి వాటివలన చెప్పుకోదగిన మేలు కనబడలేదు. కావున అంగడిలో తోచిన మాత్రను కొనుటకన్న గోడను ఆశ్రయించుట మేలు.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరము. నడచునప్పుడు పిక్క పట్టి, నిలిచినంతనే విడుచుచున్నచో అది రాత్రి పట్టు కాదు. రక్తనాళములు ఇరుకైనవని అర్థము చేసికొనవలెను. చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగువారిలో ఇది హెచ్చు. ఒక్క కాలు మాత్రమే వాచి, వెచ్చనై నొప్పి పెట్టుచున్నచో సిరలో రక్తము గడ్డకట్టి యుండవచ్చును. ఈ రెంటికిని ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను.

ఇక రెండవ రుగ్మత. వెన్నునుండి అరికాలివరకు పోవు నరములు శరీరములోని నరములన్నింటిలో పొడవైనవి. నరములను చెరచు వ్యాధి ఏది వచ్చినను, సామాన్యముగా మొట్టమొదట దెబ్బతినునది వాటి కొసలే. అందుచే రెండు పాదముల వ్రేళ్లలో తిమ్మిరి మొదలై, మేజోడు తొడిగినట్లు మెల్లమెల్లగా పైకి ప్రాకును. రాత్రి మంట హెచ్చును. దుప్పటి తగిలినను ఓర్వలేరు. కొన్ని ఏండ్లకు మంట తగ్గును. రోగి తన జబ్బు కుదిరినదని సంతోషించును. నిజమునకు కుదిరినది జబ్బు కాదు. నొప్పిని తెలుపు నరము చచ్చినది.

దీనికి కారణములలో మొదటిది చక్కెర వ్యాధి. భారతదేశమున 10 కోట్ల పైచిలుకు జనులకు ఈ వ్యాధి గలదని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో తెలిపినది. తరువాతివి మద్యపానము, మూత్రపిండముల జబ్బు, కుష్ఠు, బి-12 విటమిను లోపము. క్షయవ్యాధికి వాడు ఐసోనియాజిడ్ మాత్ర కూడ నరములను చెరుపవచ్చును. అందుకే వైద్యులు దానితోబాటు బి-6 విటమినును ఇత్తురు. ఆ చిన్న మాత్రను అనవసరమని పారవేయకూడదు.

బి-12 విషయమున తెలుగువారు తెలిసికొనదగిన చరిత్ర యొకటి గలదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. ఒక జాతి రక్తహీనతను అది అద్భుతముగా బాగుచేసెను. కాని కొందరిలో రక్తము బాగుపడినను కాళ్ల తిమ్మిరి హెచ్చుచునే యుండెను. 1948లో బి-12 విటమిను వేరుచేయబడిన పిదప గుట్టు విడినది. వారికి లోపించినది బి-12. ఫోలిక్ ఆమ్లము రక్తమును దిద్దగలదు గాని ఆ లోపము వలన చెడు నరములను కాపాడలేదు. పరీక్ష లేకుండ బలపు మాత్రలు మ్రింగుటలోని అపాయము దీనివలన తెలియుచున్నది. బి-12 పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసములలో గలదు, కూరగాయలలో లేదు. పాలు కూడ సరిగా త్రాగని శాకాహారులును, చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ మాత్రను ఏండ్ల తరబడి వాడువారును ఒకసారి రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది. లోపము త్వరగా తెలిసినచో నరములు కోలుకొనగలవు.

నొప్పి పోయిన కాలికి కలుగు గతిని లోకమునకు స్పష్టముగా చూపినది దక్షిణ భారతమే. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ (1914–2003) కుష్ఠురోగుల చేతులను, పాదములను ఏండ్ల తరబడి పరిశీలించెను. రోగము వలన మాంసమే కుళ్లి వ్రేళ్లు రాలునని అంతవరకు లోకము నమ్మియుండెను. అది నిజము కాదని బ్రాండ్ చూపెను. వ్రేళ్లను పోగొట్టునది గాయములు. నొప్పి తెలియనందున రోగి కాలిన చోటను, ముల్లు దిగిన చోటను అట్లే వాడుచుండును. పుండు పడినను దానిపైనే నడచును. రాత్రివేళ ఎలుకలు వ్రేళ్లు కొరికినను కొందరికి మెలకువ రాలేదనియు, అందుచే వారికి పిల్లులను ఇచ్చితిమనియు బ్రాండ్ వ్రాసియున్నాడు. పిమ్మట అమెరికాలో చక్కెర రోగుల పాదములను చూచినప్పుడు అక్కడను ఇదే కథ కనబడెను. నేడు చెప్పుల అంగళ్లలో 'ఎం.సి.ఆర్. చెప్పులు' అని అమ్మబడు మెత్తని రబ్బరు పాదరక్షలు, ఆ కాలమున స్పర్శ లేని పాదములకై జరిగిన కృషి ఫలితమే.

మంటకు మందులు గలవు. ఎమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్, ప్రెగబాలిన్ వంటివి వైద్యుని సలహాపై పనిచేయును. మిరపకాయ కారమునకు మూలమైన క్యాప్సైసిన్ అను పదార్థముతో చేసిన పూతమందును వాడుదురు. అంతమాత్రముచే ఇంటిలోని మిరపపొడిని పాదములకు పూయరాదు. అది చర్మమును కాల్చును. ఈ మందులన్నియు మంటను తగ్గించునే గాని పోయిన స్పర్శను తీసికొనిరావు. చక్కెరను అదుపులో ఉంచుటయే మూలచికిత్స. 1993లో వెలువడిన అమెరికా, కెనడాల మహాపరీక్షలో, ఇన్సులినుపై జీవించు 1,441 మందిలో చక్కెరను గట్టిగా అదుపు చేసినవారికి నరముల జబ్బు నూటికి 60 వంతులు తగ్గినది.

పాదమునకు స్పర్శ గలదో లేదో ఇంటిలోనే తెలిసికొనవచ్చును. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పట్టణ వైద్యులు 2011లో ప్రకటించిన పద్ధతి యిది. రోగి కన్నులు మూసికొనవలెను. మరొకరు తమ చూపుడువ్రేలి కొనతో రోగి బొటనవ్రేలిని, నడిమివ్రేలిని, చిటికెనవ్రేలిని ఒకటి రెండు క్షణములు తేలికగా తాకవలెను. నొక్కకూడదు, రుద్దకూడదు. రెండు పాదములలో కలిసి ఆరు చోట్లు. తాకినప్పుడెల్ల రోగి చెప్పవలెను. రెండుగాని అంతకు మించిగాని చోట్లు తెలియనిచో పాదము అపాయములో నున్నట్లు గ్రహించి వైద్యుని చూడవలెను. చర్మముపై స్పర్శ లేని మచ్చ కనబడినచో కుష్ఠు పరీక్ష చేయించుకొనవలెను. దానికి ప్రభుత్వ వైద్యశాలలలో మందు ఉచితముగా ఇత్తురు, పూర్తిగా కుదురును.

స్పర్శ పోయిన పాదమునకు కన్నులే కావలి. ప్రతిరాత్రి దీపపు వెలుతురున అరికాళ్లను, వ్రేళ్ల సందులను చూచుకొనవలెను. వంగలేనివారు అద్దము వాడవలెను. లేదా మనుమనిచేతనో, మనుమరాలిచేతనో చూపించుకొనవలెను. కాళ్లు కడిగి, వ్రేళ్ల నడుమ తడి లేకుండ తుడువవలెను. మడమలకు నూనె రాయవచ్చును గాని వ్రేళ్ల సందులలో రాయరాదు. గోళ్లను తిన్నగా కత్తిరింపవలెను. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు. వేడినీటి సంచి, ఇసుక కాపడము, చలిమంట ఈ పాదములకు శత్రువులు. పొలమునకే గాక పెరటిలోనికి పోవునప్పుడును చెప్పులు తొడుగవలెను. తొడుగుటకు ముందు దులిపి, లోపల చేయిపెట్టి చూడవలెను. వేసవి మధ్యాహ్నమున గుడిలో వట్టి కాళ్లతో ప్రదక్షిణము చేయుట వలన అరికాళ్లు కాలి బొబ్బలెక్కినను తెలియనివారు గలరు. అట్టివారు తెల్లవారుజామున వెళ్లుట మేలు. దైవమునకు అభ్యంతరముండదు.

పుండు కనబడినచో 'నొప్పి లేదు గదా' అని ఊరకుండుటయే మహాప్రమాదము. నొప్పి లేకపోవుటయే వైద్యుని యొద్దకు పోవుటకు మొదటి కారణము. ఒక్క దినము కూడ ఆలసింపరాదు. శుభ్రమైన గుడ్డ కట్టి, ఆ కాలిపై బరువు మోపకుండ వైద్యశాలకు చేరవలెను. తీసివేయవలసివచ్చిన కాళ్లలో పెక్కింటికి ఆరంభము ఒక చిన్న పుండే.

ఈ గ్రంథాలయమునకు వచ్చువారు చదువనేర్చినవారు. గ్రామములో చదువలేని వృద్ధులు ఇంకను గలరు. కన్నులు మసకబారి చదువు విడిచినవారును గలరు. ఈ రాత్రి ఇంటికి పోయిన పిమ్మట ప్రతి పాఠకుడును తన ఇంటనో, పొరుగింటనో ఒక్క పెద్ద పాదములను దీపము దగ్గరకు తీసికొని చూచిన చాలును. పిక్క పట్టుచున్నదని వారు చెప్పినచో గోడను చూపవలెను. ఏమియు తెలియుటలేదని చెప్పినచో మరునాడే వైద్యుని యొద్దకు తోడు వెళ్లవలెను.