సర్వర్ల అమరికలో చిక్కులు - సవరణలు

రైలు టిక్కెట్టు కొన్నను, విద్యుచ్ఛక్తి బిల్లు చెల్లించినను, పరదేశమున నున్న బిడ్డలతో మాటలాడినను, నేడు ఆ పని నడుపునవి ఎచటనో వరుసలుగా నిలిపిన కంప్యూటర్లు. అడిగినవారికి అడిగినది అందించునవి గనుక వీనిని సర్వర్లనుచున్నారు. పెద్ద సంస్థలలో ఇవి వేలకొలది ఉండును. ఏ సర్వరులో ఏ ప్రోగ్రాములుండవలెను, ఏ ద్వారము తెరచి ఉండవలెను, ఏ ఫైలును ఎవరు చదువవచ్చును అను నిర్ణయములన్నిటిని కలిపి అమరిక అందము.

వేల యంత్రముల అమరికను చేతితో సరిచూచుట మనుష్యులకు సాధ్యము కాదు. అందుచేత 1993లో మార్క్ బర్జెస్ ఆస్లో నగరమున సీఎఫ్‌ఇంజన్ అను సాధనమును ఆరంభించెను. తరువాత 2005లో పప్పెట్, 2012లో యాన్సిబుల్ వచ్చినవి. యంత్రమెట్లుండవలెనో మనము పత్రముగా వ్రాసియుంచినచో, ఇవి యంత్రమును ఆ పత్రమునకు సరిపోవునట్లు దిద్దును. చిక్కులన్నియు వ్రాసినదానికిని, ఉన్నదానికిని నడుమ పుట్టుచున్నవి.

మొదటి చిక్కు ఆజ్ఞ వ్రాయు తీరులోనే కలదు. "పులుసులో ఉప్పు వేయుము" అనుట వేరు, "పులుసులో ఉప్పు సరిపోయి ఉండవలెను" అనుట వేరు. మొదటి మాటను అత్తయు, కోడలును, ఆడపడుచును ఎవరికి వారు పాటించినచో ఆ పులుసు నోట పెట్టరాదు. రెండవ మాటను ఎందరు పాటించినను భయము లేదు. రుచి చూచి, చాలకున్ననే వేయుదురు. పప్పెట్ సాధారణముగా 30 నిమిషములకొకసారి తన పత్రమును అమలుపరచును. "ఫైలు చివర ఈ పంక్తి చేర్చుము" అని వ్రాసినచో దినమునకు 48 పంక్తులు చేరును. "ఈ పంక్తి ఉండవలెను" అని వ్రాసినచో ఒక్కటే ఉండును.

సాధనము మొరాయించినపుడు పత్రమును తిరుగవ్రాయుటకు ముందు, యంత్రము అందుచున్నదా యని చూడవలెను. యాన్సిబుల్‌కు సాధారణముగా 22వ ద్వారమును, పప్పెట్‌కు 8140వ ద్వారమును తెరచి ఉండవలెను. పిదప గడియారమును చూడవలెను. పప్పెట్ యంత్రములు ఒకదానినొకటి ధ్రువపత్రములతో గుర్తించును. గడియారము వెనుకబడినచో, క్రొత్తగా ఇచ్చిన ధ్రువపత్రము "ఇంకను చెల్లుబాటు కాలేదు" అని త్రోసివేయబడును. ఈ ధ్రువపత్రములకు సాధారణముగా అయిదేండ్ల గడువు. ఏ మార్పును చేయకయే ఒకనాటి ఉదయమున యంత్రములన్నియు మాట వినకున్నచో, ముందుగా గడువును పరీక్షింపవలెను.

తరువాత అక్షరములు. యాన్సిబుల్ పత్రములలో పంక్తికి ముందు విడుచు ఖాళీకి అర్థము కలదు. ఆ ఖాళీకి ట్యాబు మీట వాడరాదు. ఫైలు అనుమతిని 0644 అని వ్రాయవలసినచోట సున్న విడిచి 644 అన్నచో, సాధనము దానిని మామూలు దశాంశ సంఖ్యగా గ్రహించును. అష్టాంశ లెక్కలో అది 1204 అగును. అనగా ఫైలు యజమాని తన ఫైలును తాను చదువలేడు, ఇతరులు మాత్రము చదువగలరు! ఒక్క సున్న ఎంత పని చేయునో చూడుడు.

మరియొకటి కంటికి కనబడని చిక్కు. యాన్సిబుల్ అమరిక ఫైలును మార్చి, "చివర సేవను మరల ప్రారంభింపవలెను" అని గుర్తుంచుకొనును. ఈలోగా వేరొక పని విఫలమైనచో ఆ పునఃప్రారంభము జరుగదు. లోపము దిద్ది రెండవమారు నడిపినపుడు ఫైలు అప్పటికే మారియున్నది గనుక మార్పేమియు లేదని చెప్పి ఊరకుండును. పత్రము పచ్చగానే కనబడును, సేవ మాత్రము పాత అమరికతోనే నడుచుచుండును. కాబట్టి సాధనము చెప్పిన మాటతో తృప్తిపడక, నడుచుచున్న సేవనే అడిగి చూడవలెనని మా అభిప్రాయము.

వీనన్నిటికంటె పెద్దది, ఆపదలో చేతితో చేసి, వ్రాయక విడిచిన మరమ్మతు. పప్పెట్ అయినచో అరగంటలో దానిని చెరిపివేయును. చెరుపనిచోట అది ఒక్క యంత్రమును తక్కినవానికి వేరుచేసి దాగియుండును.

ఒక్క యంత్రము వేరైనచో ఏమగునో 2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ క్యాపిటల్ అను షేర్ల వ్యాపార సంస్థకు తెలిసివచ్చెను. వారి సర్వర్లు ఎనిమిది. క్రొత్త ప్రోగ్రామును చేతితో ఏడింటిలో పెట్టిరి, ఒకటి మిగిలిపోయెను. రెండవవారు సరిచూడలేదు. ఆ ఎనిమిదవ దానిలో విడిచిన పాత ప్రోగ్రాము మేల్కొని, కోరని బేరములు చేయసాగెను. సిబ్బంది కారణము తెలియకయే, సరిగా నున్న ఏడింటినుండి క్రొత్త ప్రోగ్రామును తీసివేసిరి. దానితో ఆపద మరింత పెరిగెను. 45 నిమిషములలో జరిగిన ఆ వ్యవహారమువలన 46 కోట్ల డాలర్లకు పైగా నష్టము వచ్చెను.

ఇందువలన మనము గ్రహింపదగినది మందు కంటె ముందు నిదానము అవసరమని. మార్పు చేయకయే ఏమి మారునో చూపు పరీక్షా పద్ధతి ఈ సాధనములలో కలదు. ముందు దానిని వాడవలెను. పిదప ఒక్క యంత్రముపై నడిపి, రెండవమారు కూడ నడుపవలెను. రెండవమారు మార్పేమియు లేదని వచ్చిననే తక్కినవానికి పంపవలెను. ఆపదలో చేయివేయక తప్పనినాడు, చేసినదానిని ఆనాడే పత్రమున కెక్కింపవలెను. వ్రాయని మరమ్మతు తీరని బాకీ వంటిది. అడుగువాడు రాకపోడు, వచ్చుసమయము మాత్రము మన చేతిలో ఉండదు.