స్నానపుగది తలుపు



ఇల్లు కట్టునప్పుడు సింహద్వారమును గూర్చి మనము పడు శ్రద్ధ యింతింత కాదు. కొయ్య యే జాతిదో, గడప యెత్తుటకు ముహూర్త మెప్పుడో, అన్నియు విచారింతుము. స్నానపుగది తలుపు మాట వచ్చుసరికి మాత్రము “ఏదో యొకటి బిగింపుము” అని వడ్రంగితో చెప్పి యూరకుందుము. కాని ముసలితనమున ప్రాణసంకటము తెచ్చునది సింహద్వారము కాదు. ఆ చిన్న తలుపే.

పూర్వము పెరటిలో నూతికడ తాటాకు తడికయే స్నానమునకు మరుగు. ఎవరైన జారిపడినచో తడిక త్రోసి లేవనెత్తెడివారు. నేడు స్నానపుగది యింటిలోనికి వచ్చినది, నున్నని పలకలు వచ్చినవి, లోగడియయు వచ్చినది. సబ్బునీరు పడిన పలకలపై కాలు నిలుచునా?

మా బంధువులలో నొక పెద్దాయన వేకువను స్నానమునకు పోయి, కాలుజారి, తలుపున కడ్డముగా పడెను. తలుపు లోపలికి తెరచుకొనునది. వెలుపలివారు త్రోసినకొలది అది విరిగిన తుంటిమీదనే యొత్తుచుండెను. బందులు విప్పుద మన్న నవియు లోపలివైపుననే యున్నవి. తుదకు వడ్రంగి వచ్చి చెక్క కోయుసరికి గంట గడచెను. ఆయన బ్రతికెను గాని, ఆ గంటసేపు విన్న మూలుగును ఆ యింటివారు నేటికిని మరువలేదు.

కావున మొదటి నియమ మిది: స్నానపుగది తలుపు వెలుపలికే తెరచుకొనవలెను. వెలుపల చోటు చాలనిచో గోడవెంట జరుగు తలుపు పెట్టింపవచ్చును. రెండవది, గడియ. వెలుపలినుండి నాణెముతో త్రిప్పి తెరువగల గడియలు దొరకుచున్నవి, వానినే కొనుడు. మూడవది, వెడల్పు. వికలాంగుల, వృద్ధుల సౌకర్యార్థము భారత ప్రభుత్వము 2021లో వెలువరించిన మార్గదర్శకములు ద్వారమునకు 900 మిల్లీమీటర్ల, అనగా సుమారు మూడడుగుల, వెడల్పును విధించినవి. చక్రముల కుర్చీ పోవుటకును, ఒకరి భుజము పట్టుకొని మరియొకరు నడచుటకును అంతమాత్రము వలయును. నాలుగవది, సరకు. నీరు తగులుచోట చెక్క యుబ్బి అడుగున క్రుళ్లును. ప్లాస్టిక్కు గాని అల్యూమినియము గాని మేలు.

ఇక పట్టణములందలి బిడ్డల యిండ్లలో షవరుచుట్టు అద్దపు తలుపులు చూచి, మనయింటను పెట్టింతమని కొందరు ముచ్చటపడుచున్నారు. అవి మూడు తీరులు: బందులపై తిరుగునవి, పట్టాపై జరుగునవి, మడతపడునవి. తిరుగుదానికి ముందు ఖాళీస్థలము కావలెను. జరుగుదాని క్రిందిపట్టా ఎత్తుగా నున్నచో కాలికి తగులును. మడతదానికి చోటు తక్కువ పట్టును గాని, అతుకులలో మురికి చేరును.

ఏది కొన్నను అద్దము గట్టిపరచినదై యుండవలెను. దానిని మిక్కిలి కాచి, వెంటనే చల్లార్చి చేయుదురు. అది పగిలినచో కత్తులవంటి పెంకులు కాక, మొండిగానుండు చిన్నచిన్న ముక్కలగును. ఒకసారి గట్టిపరచిన పిమ్మట దానిని కోయుటకు గాని, తొలుచుటకు గాని వీలులేదు. కనుక గోడలకు పలకలు పరచిన తరువాతనే కొలతలు తీయించి, అద్దమునకు ఉత్తరు విండు. ఉప్పునీటి యూళ్లలో దినదినము తుడువకున్న అద్దము తెల్లని మరకలతో మసకబారును.

మరియొక మాట. జారినవాని చేయి దొరికిన దానిని పట్టుకొనును. అద్దపు తలుపు పిడి మనిషి బరువు మోయుటకు చేసినది కాదు. తలుపు కొనుటకు ముందే గోడకు గట్టి ఉక్కుపిడి బిగింపుడు. మిక్కిలి వృద్ధులున్న యింట అద్దముకంటె తెరయే మేలని నా అభిప్రాయము. తడికవలె దానిని ఒకచేత తొలగించి లోనికి పోవచ్చును.

ఈ ప్రసంగము ముగియగానే లేచి, మీ స్నానపుగది తలు పెటు తెరచుకొనుచున్నదో చూడుడు. లోపలి కైనచో రేపే వడ్రంగిని పిలిపింపుడు. అతని కూలి యొకపూటతో తీరును; ఆలస్యమునకు చెల్లించు మూల్యము మాత్రము తీరునది కాదు.

సెలవు.