వాడపల్లి రెండు దీపములు - మన నాడీమండలము



మన హాలియా నుండి మిర్యాలగూడ మీదుగా వాడపల్లి క్షేత్రమునకు వెళ్లి వచ్చినవారు మీలో చాలామంది ఉన్నారు. కృష్ణా మూసీ నదులు కలిసెడి ఆ చోట లక్ష్మీనరసింహస్వామి గర్భాలయములో రెండు దీపములు వెలుగుచుండును. స్వామి ముఖము చెంత ఉన్న దీపము ఎల్లప్పుడు కదలాడుచుండుననియు, పాదముల చెంత ఉన్న దీపము నిశ్చలముగా నిలుచుననియు, పై దీపము కదలుటకు స్వామివారి ఉచ్ఛ్వాస నిశ్వాసములే కారణమనియు పెద్దలు చెప్పుదురు. మనము దర్శనము చేసుకొని, చేతులు జోడించి, బయటికి వచ్చెదము. అటువంటి రెండు దీపములు మన దేహములోను వెలుగుచున్నవని మాత్రము తలపము. నేటి ప్రసంగములో ఆ సంగతిని విచారింతము.

మన తలలోని మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. దేహము బరువులో నూటికి రెండు పాళ్లు మాత్రమే. అయినను దేహము ఖర్చు పెట్టు శక్తిలో ఐదవ వంతు దానికే పోవును. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు ఉన్నవని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. మెదడు నుండి వెన్నుపాము దిగి, వెన్నుపాము నుండి నరములు బయలుదేరి, కాలి బొటనవ్రేలి దాక వ్యాపించియున్నవి. చేనులో నడచునప్పుడు కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నదనుకొందము. కాలిని చటుక్కున వెనుకకు తీయించునది వెన్నుపాము. ఆ తరువాతనే వార్త మెదడునకు చేరి, మన నోట "అమ్మా" అను మాట వచ్చును. మనకు తెలియకముందే మనలను కాపాడు ఏర్పాటును పరమాత్మ మన వీపులోనే ఉంచినాడు.

కఠోపనిషత్తు ఈ దేహమును రథముతో పోల్చినది. ఇంద్రియములు గుర్రములు, మనస్సు పగ్గము, బుద్ధి సారథి. పగ్గమైనను త్రాటితోనే కదా పేనవలెను. ఆ త్రాళ్లే నరములని మనము భావించుకొనవచ్చును. సారథి ఎంత నేర్పరియైనను త్రాడు తెగినచో రథము కదలదు. కనుక నాడులను కాపాడుకొనుట కేవలము వైద్యుల విషయము కాదు. అది సాధకుని విషయము కూడ.

ఇక రెండు దీపముల మాట. గుండె కొట్టుకొనుట, ఆహారము అరుగుట, చెమట పట్టుట మన ఆజ్ఞతో జరుగవు. వీనిని నడుపు నరములు రెండు శాఖలుగా ఉన్నవి. పొలము గట్టు మీద పాము కనబడగానే గుండె దడదడలాడును, నోరు ఎండును, ఆకలి చచ్చును, కాళ్లలోనికి రక్తము పరుగెత్తును. ఇది మొదటి శాఖ పని, కదలాడు దీపము. పాము వెళ్లిపోయిన తరువాత ఇంటికి వచ్చి, అన్నము తిని, అరుగు మీద నడుము వాల్చితిమి. గుండె నెమ్మదించును, కడుపు తన పని మొదలుపెట్టును, కన్ను మూతపడును. ఇది రెండవ శాఖ పని, నిశ్చల దీపము. ఈ రెండవ శాఖలో ముఖ్యమైనది తలలో పుట్టు పదవ జత నరము. దానిని వైద్యులు వేగస్ నరమందురు. అది మెడ మీదుగా దిగి గుండెను, ఊపిరితిత్తులను, ప్రేవులను చేరును. ఈ నరము గుండెను శాంతింపజేయు విధమును 1921లో ఆటో లోవి అను శాస్త్రజ్ఞుడు రెండు కప్ప గుండెలతో పరీక్షించి నిరూపించెను. 1936లో ఆయన నోబెల్ బహుమతిని పంచుకొనెను.

రెండు దీపములును స్వామివే. కదలు దీపము లేనిచో పాము కాటునుండి తప్పించుకొనలేము. కాని పాము పోయినను ఆ దీపము అల్లల్లాడుచునే ఉన్నచో ఏమగును? మన ప్రాంతపు రైతు సంగతి చూడుడు. వేసిన బోరు పడలేదు, పత్తికి ధర రాలేదు, బత్తాయి తోట ఎండుచున్నది, బిడ్డ పెండ్లికి చేసిన అప్పు తీరలేదు. ఈ పాము గట్టు మీద కాదు, దిండు క్రింద పండుకొన్నది. రాత్రింబగళ్లు గుండె బిగువుననే ఉండును. నిద్ర పోవును, రక్తపుపోటు పెరుగును, చక్కెర వ్యాధి ఉన్నచో అదుపు తప్పును. తగిలిన గాయము కూడ త్వరగా మానదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో 1995లో ప్రకటించిన ఒక పరిశీలన ఈ సంగతినే తెలుపుచున్నది. మతి తప్పిన బంధువులకు ఏండ్ల తరబడి సేవ చేయుచు అలసిన స్త్రీలకును, అట్టి భారము లేనివారికిని చేతి మీద ఒకే పరిమాణము గల చిన్న గాయము చేసి చూచిరి. సేవాభారము మోయుచున్నవారికి గాయము మానుటకు సగటున తొమ్మిది దినములు ఎక్కువ పట్టినది. గాయము చేతి మీద, కారణము మనస్సులో!

మన పూర్వులు సంధ్యావందనమున ప్రాణాయామమును ఏల చేర్చిరో ఇప్పుడు గ్రహింపవచ్చును. గుండె మన మాట వినదు, కాని శ్వాస వినును. గాలి పీల్చునప్పుడు గుండె కొంచెము వేగమగును. విడుచునప్పుడు వేగస్ నరము పట్టు బిగించి గుండె నెమ్మదించును. కనుక పీల్చిన దానికంటె విడుచుట దీర్ఘముగా ఉండునట్లు, నిమిషమునకు ఆరేడు శ్వాసలు మాత్రమే పడునట్లు, భగవన్నామముతో ఉదయము ఐదు నిమిషములు, నిద్రకు ముందు ఐదు నిమిషములు కూర్చుండుడు. గుండె జబ్బు, ఆయాసము గలవారు ఊపిరిని బిగబట్టరాదు, వైద్యునడిగి చేయవలెను. తిండిలోను నిద్రలోను మితము లేనివానికి యోగము సిద్ధింపదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున హెచ్చరించిన సంగతి మీకు తెలిసినదే.

అయితే శ్వాసతోనే అన్నియు నయమగునని మేము చెప్పుట లేదు. ఈ మాట నల్లగొండ నేల మీద నిలబడి చెప్పరాదు. మన జిల్లా మర్రిగూడెం వైపు పల్లెలలో నడుము వంగిపోయి, మెడ తిరుగక, మంచము దిగలేక బ్రతుకు వెళ్లదీసినవారిని మనము చూచితిమి. పూర్వజన్మ పాపమని కొందరు అనిరి. అది పాపము కాదు, త్రాగిన నీరు. నల్లరాతి పొరలలో నుండి బోరునీటిలోనికి ఫ్లోరైడు దిగినది. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమము. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినప్పుడు ఫ్లోరైడు ఎముకలలో పేరుకొనును. వెన్నెముకను పట్టియుంచు మెత్తని పట్టీలు సైతము ఎముకవలె గట్టిపడును. వెన్నుపాము ఉండు గొట్టము ఇరుకగును. అప్పుడు నొక్కుకుపోయిన వెన్నుపాము కాళ్లకు ఆజ్ఞలు పంపలేదు. హైదరాబాదు నిమ్స్ సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి గారు ఈ వ్యాధి వెన్నుపామును, నరములను పట్టు తీరును దశాబ్దములుగా పరిశీలించి వైద్య గ్రంథములలో వ్రాసిరి.

గట్టిపడిన ఎముక మరల మెత్తబడదు. నీటిని మార్చుటయే దీనికి ముందుచూపు. పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ వారు రూపొందించగా, అది లోకములో మన జిల్లా పేరుతోనే నల్లగొండ పద్ధతిగా ప్రసిద్ధి పొందినది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము ఇంటింటికి నదీజలమును చేర్చుటకు ఉద్దేశింపబడినది. ఆకాశగంగను దించిన భగీరథుని పేరు దానికి పెట్టుట ఉచితమే. కాని కుళాయి ఆగిన దినమున మరల బోరునీటినే బిందెలకెత్తుకొను అలవాటు మంచిది కాదు. ఫ్లోరైడు కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. కాచినచో పోదు సరికదా, నీరు ఇగిరినకొలది చిక్కబడును. పిల్లలకు పాలు, పెరుగు, ఆకుకూరలు పెట్టుడు. మన చింతపండు చారును కూడ చిన్నచూపు చూడకుడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2002లో ప్రకటించిన పరిశీలనలో, ప్రతిదినము చింతపండు తీసుకొన్న బాలురకు మూత్రములో ఎక్కువ ఫ్లోరైడు బయటికి పోయినట్లు కనుగొనిరి. అది మందు కాదు, మంచినీటికి బదులు కాదు. తోడు మాత్రమే.

ఇప్పుడు మా తప్పును ఒకదానిని మీ యెదుట చెప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక శనివారము చీకటి పడువేళ ఒక పెద్దమనిషిని ఆయన కుమారుడు ఆటోలో ఆలయమునకు తీసుకొనివచ్చెను. "అయ్యగారూ, మా నాయినకు మూతి వంకరబోయింది, చెయ్యి లేస్తలేదు. గాలి సోకిందంటున్రు. రాత్రికి దేవుని కాడ పండవెడ్తం" అనెను. మేము కాదనలేదు. విభూతి పెట్టితిమి, తీర్థమిచ్చితిమి. ఆ తీర్థము గొంతున పడక ఆయన పొలమారి ఉక్కిరిబిక్కిరి ఆయెను. అప్పటికైనను మాకు తట్టలేదు. తెల్లవారిన తరువాత పట్నము తీసుకొనిపోగా, రాత్రియే తెచ్చియుండవలసినదని అక్కడి వైద్యులు చెప్పిరట. ఆ మాట కుమారుడు మాతో కోపముగా చెప్పలేదు. ఏడ్చుచు చెప్పెను. అందుచేతనే అది మరింత గ్రుచ్చుకొన్నది.

అది గాలి కాదు, పక్షవాతము. మెదడునకు పోవు రక్తనాళము మూసికొనిపోవుట చేతనో, చిట్లుట చేతనో వచ్చునది. నాళము మూసికొన్నప్పుడు నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని వైద్యులు లెక్క కట్టిరి. గడ్డను కరిగించు ఇంజెక్షను సాధారణముగా నాలుగున్నర గంటల లోపలనే ఇయ్యవలెను. ఎంత ముందైన అంత మేలు. గడ్డయో, రక్తస్రావమో సి.టి. స్కానులోనే తేలును కనుక ఇంటియొద్ద ఏ మాత్రయు వేయరాదు. మూతి ఒక ప్రక్కకు జారెనా, ఎత్తిన చేయి వాలిపోవుచున్నదా, మాట తడబడుచున్నదా - ఈ మూడింటిలో ఒక్కటి అకస్మాత్తుగా కనబడినను గడియారము చూచి వేళ గుర్తుంచుకొనుడు, 108కి ఫోను చేయుడు, స్కాను గల ఆసుపత్రికి చేర్చుడు. నోట నీరు పోయరాదు, తీర్థము సైతము పోయరాదు. పావురము రక్తము రుద్దించుటకు ఊరూరు తిరుగరాదు. దేవుడు ఆలయములో ఎదురు చూచును. మెదడు ఎదురు చూడదు.

ఆ పెద్దమనిషి కథ అంతటితో ముగియలేదు. ప్రాణము దక్కినది. కుడి చేయి చచ్చుబడెను, మాట పోయెను. భార్యను పేరు పెట్టి పిలువలేకపోయెను. కొన్ని నెలలకు శనివారపు భజనకు తీసుకొనివచ్చి స్తంభమునకు చేరవేసి కూర్చుండబెట్టిరి. అందరు గోవింద నామము అందుకొనగా ఆయనయు అందుకొనెను! మాట రాని నోట పాట వచ్చెను. మేము అద్భుతమనుకొంటిమి. విచారింపగా, మాటకు ముఖ్యస్థానము చాలమందికి మెదడు ఎడమ భాగమున ఉండుననియు, అది చెడినను రాగముతో అలవాటుపడిన పలుకులు కొందరికి నిలిచియుండుననియు, రాగము ద్వారా మాట నేర్పు చికిత్స 1970వ దశకము నుండి ఉన్నదనియు వైద్యులు చెప్పిరి. ఇంత తెలిసిన తరువాత మా ఆశ్చర్యము తగ్గలేదు, పెరిగినది.

చచ్చిన నాడీకణము మరల బ్రతుకదు. కాని బ్రతికియున్నవి క్రొత్త త్రోవలు వేసికొనగలవు. వరదకు కట్ట తెగిన కాలువ ప్రక్కన రైతు పిల్లకాలువ త్రవ్వునట్లు. ఆ త్రోవ ఊరక పడదు. దినమునకు ఒకసారి కాదు, వందసార్లు అదే పని చేయవలెను. చంచలమైన మనస్సు అభ్యాసముచేత వశమగునని శ్రీకృష్ణుడు అర్జునునితో చెప్పెను. మెదడు విషయములోను అభ్యాసమే మార్గము. ఫిజియోథెరపీ వారు చెప్పిన వ్యాయామములు చేయించుచు, ఆ ఇంటివారు ఆయన కుడిచేతికే తులసిమాల ఇచ్చిరి, ఆ చేతితోనే గంట మ్రోగింపజేసిరి. మొదట వ్రేళ్లు పూస మీద నిలువలేదు. ఏడాది తిరుగునప్పటికి మాల తిప్పుచుండెను, భార్యను పిలుచుచుండెను. మాట పూర్తిగా రాలేదు, చేయి పూర్తిగా లేవలేదు. ఆ రాత్రి మేము సరియైన మాట చెప్పియున్నచో ఎంత మిగిలెడిదో మాకు తెలియదు. ఆ లోటు మాతోనే ఉండును.

కనుక సోదర సోదరీమణులారా, ప్రతి దినము హారతి వేళ రెండు దీపములను తలచుకొనుడు. కదలు దీపమునకు పని ఉన్నప్పుడు కదలనిండు, నిలువవలసినప్పుడు నిలుపుడు. మంచినీరు త్రాగుడు, వేళకు నిద్రించుడు, రక్తపుపోటు మందును మానక వాడుడు. ఇంటిలో ఎవరికైనను మూతి వంకరపోయినచో ముందు ఆసుపత్రికి, తరువాత ఆలయమునకు రండు. ఎవరైనను దారి తప్పి ముందుగా మా గడప త్రొక్కినచో, ఇకమీదట విభూతి పెట్టుటకంటె ముందు మేమే 108కి ఫోను చేసెదమని స్వామి సన్నిధిని మాట ఇచ్చుచున్నాము.

స్వస్తి.