దారం లెక్క, చేతి లెక్క

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం)



పొదుపుల గురించి, బ్యాంకు అప్పుల గురించి ఇంతవరకు పెద్దలు మాట్లాడారు. నన్ను మాత్రం లేసు దారం గురించి మాట్లాడమన్నారు. ఇంట్లో చెబితే మా అత్తగారు నవ్వారు. "దారం గురించి ఏం మాట్లాడతావే అమ్మాయ్, అల్లి చూపించాలి గానీ" అన్నారు. అలా అంటున్నప్పుడు కూడా ఆవిడ చేతిలో లేసు ముక్క ఉంది. తొమ్మిదో ఏట పట్టుకున్న క్రోషా సూదిని ఆవిడ ఇంకా వదల్లేదు.

మన నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు ఈ దారం చూడని ఇల్లు తక్కువ. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఈ అల్లిక మన గోదావరి జిల్లాలకు తెచ్చారు. పని బయటినుంచి వచ్చిందే, కానీ అరుగుల మీద తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి అందుతూ మనదైపోయింది.

ముందు దారం అందం సంగతి చెబుతాను. కొత్త దారం ఉండ వెలుగులో పెడితే పట్టులా మెరుస్తుంది కదా. అది పట్టు కాదు, పత్తే. మరి ఆ మెరుపు ఎక్కడిది? పత్తి పీచును భూతద్దంలో చూస్తే గుండ్రంగా ఉండదు, నలిగి మెలితిరిగిన పట్టీలా ఉంటుంది. 1844లో ఇంగ్లండులో జాన్ మెర్సర్ అనే ఆయన కాస్టిక్ సోడాలో పత్తికి వచ్చే మార్పు గమనించాడు. పీచు ఉబ్బుతుంది, బలం వస్తుంది, రంగు బాగా పడుతుంది. అసలైన మెరుపు మాత్రం ఇంకో నలభై అయిదేళ్ళకు గానీ రాలేదు. సోడాలో ఉన్నప్పుడు నూలును సాగదీసి బిగువుగా పట్టి ఉంచాలని అప్పుడు తెలిసింది. ఉండ చీటీ మీద మెర్సరైజ్డ్ అని రాసేది ఇందుకే. మామూలు కుట్టుదారంతో అల్లిన పువ్వు ఎందుకు కళ తప్పుతుందో ఇప్పుడు మీకు అర్థమైందనుకుంటాను.

రెండోది నంబరు. 20, 40, 60 అని అడిగి కొంటాం. నంబరు పెరిగితే దారం సన్నం అని అందరికీ తెలుసు. ఎందుకలా? నూలు మిల్లుల్లో 840 గజాలు ఒక చిలప. ఒక పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగితే అదే నంబరు. 20 నంబరు నూలు ఒక పౌనుకు 16,800 గజాలు, 40 నంబరు అయితే 33,600 గజాలు. లేసు దారం కొన్ని పోగులు కలిపి పురి పెట్టింది కాబట్టి మన ఉండ మీది నంబరు అచ్చంగా ఈ లెక్కే కాదు గానీ, సూత్రం ఒకటే.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. కూలి దారం ఉండకింత అని ఒప్పుకుంటున్నాం. అదే బరువులో సన్నదారం పొడవెక్కువ. పైగా సన్నదారంతో వేసే కుట్టు చిన్నది. అంటే దారం నంబరు రెట్టింపయితే కుట్లు రెట్టింపు దాటిపోతాయి. చూపుకి శ్రమ, వేలికి శ్రమ. ఉండ ఒక్కటే, కూలి ఒక్కటే అంటే నష్టపోతున్నది ఎవరు? బాగా చేతనైనవాళ్ళే. సన్నపని వాళ్ళకే కదా ఇచ్చేది!

మా సంఘంలో జరిగిన ఒక పొరపాటు కూడా దాచకుండా చెబుతాను. ఒక పెద్ద టేబులు గుడ్డ ఆరుగురం కలిసి అల్లాం. దారం తగ్గితే మధ్యలో ఇంకో కొట్టులో తెచ్చాం. అదే కంపెనీ, అదే నంబరు, అదే తెలుపు. అతుకుపని అయ్యాక ఉతికి ఆరేస్తే సగం పువ్వులు నీలివన్నె తెలుపు, సగం మీగడ తెలుపు! కొనేవాళ్ళు తీసుకోలేదు. తప్పు వాళ్ళది కాదు, మాదే. చీటీ మీద లాటు నంబరు చూడలేదు. ఆరుగురి నెలన్నర కష్టం ఇప్పటికీ మా సంఘం బీరువాలోనే ఉంది. కావలసిన దారమంతా ఒకేసారి, ఒకే లాటులో కొనాలని అప్పుడు నేర్చుకున్నాం. ఒక్కొక్కరం విడిగా కొంటే అది కుదరదు, సమాఖ్య కలిసి కొంటే కుదురుతుంది.

ఇక నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ మన నరసాపురం వచ్చి లేసు పనివాళ్ళ మీద ఒక పుస్తకం రాశారు. అది 1982లో అచ్చయింది. మన చేతిపని, అతుకుపని, కాజాకుట్టు అన్నీ అందులో ఉన్నాయి. ఆవిడ చెప్పిన ముఖ్యమైన మాట ఏమిటంటే, ఈ ఆడవాళ్ళు విదేశీ బజారుకి సరుకు తయారుచేస్తున్నారు, అయినా అందరూ వీళ్ళని ఇంట్లో ఖాళీగా కూర్చునే గృహిణులనే అంటున్నారు, అందుకే కూలి అంత తక్కువ అని. ఇన్నేళ్ళయింది. మొన్న సర్వేకి వచ్చినవాళ్ళు "ఏం పని చేస్తారమ్మా?" అంటే మా వీధిలో సగం మంది "ఏమీ లేదండీ, ఇంట్లోనే" అన్నాం. ఒడిలో లేసు పెట్టుకునే అన్నాం!

అందుకే మా అత్తగారి చేత ఒక వారం లెక్క రాయించాను. కూర్చున్నప్పుడు టైము, లేచినప్పుడు టైము. ఆవిడకి చదువు రాదు, గోడ మీద గీతలు పెట్టారు, నేను కూడాను. ఏడు రోజులకి ముప్ఫై ఒక్క గంట తేలింది. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నేను ఊరికే కూర్చున్నాననుకున్నానే" అన్నారు.

మనకి మంచి కబురు కూడా ఉంది. 2024లో నరసాపురం క్రోషె లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిషను మీద తీసిన లేసుకి ఇకమీదట ఆ పేరు పెట్టి అమ్మడం చట్టరీత్యా తప్పు. కానీ గుర్తింపు వచ్చిందని చప్పట్లు కొట్టి ఊరుకుంటే మన చేతికి ఏమీ రాదు. ఆ గుర్తు మన సరుకు మీద వేసుకోవాలంటే అల్లేవాళ్ళు అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలి. వ్యాపారస్థులు నమోదై మనం కాకపోతే, పేరు మనది, లాభం ఇంకొకరిది అవుతుంది.

కాబట్టి నేను అడిగేవి మూడే. ఒకటి, ప్రతి సభ్యురాలు ఒక పువ్వుకి ఎంతసేపు పడుతుందో రాయాలి. పువ్వుకి పన్నెండు నిమిషాలు అనుకోండి, అరవై పువ్వుల గుడ్డకి పన్నెండు గంటలు. అతుకు, అంచు, ఉతికి గంజి పెట్టి సాపుచేసే పని వేరే. ఆ కాగితం చేతిలో పెట్టుకుని కూలి మాట్లాడదాం. రెండు, దారం కొనుగోలు సమాఖ్య ద్వారా ఒకే లాటులో జరగాలి. మూడు, నమోదు దరఖాస్తుల బాధ్యత సమాఖ్య తీసుకుని ఈ ఏడాదే పూర్తిచేయాలి.

చివరిగా ఒక్క మాట. క్రోషా అంతా ఒకే దారం, కుట్టులో కుట్టు. చివరి కొస ముడి వేయకుండా వదిలేస్తే, ఎవరు లాగినా మొదటిదాకా విడిపోతుంది. అల్లడం మనకి బాగా వచ్చు. ముడి వేసే దగ్గరే, అంటే ధర మాట్లాడే దగ్గరే, ఇన్నాళ్ళూ మొహమాటపడి వదిలేస్తున్నాం.

గుమ్మం దగ్గర బల్ల మీద లెక్క పుస్తకాలు పెట్టాం. వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకెళ్ళండి. రాయడం రానివాళ్ళు గీతలు పెట్టండి, మా అత్తగారిలాగ. వచ్చే నెల సమావేశానికి అందరూ పట్టుకురండి. ఆ గంటలన్నీ కూడి, అప్పుడు తీర్మానం రాద్దాం.